మతీన్ అందరినీ పాస్ చేసిన రోజు

దమ్మపేటలో నెట్ సెంటర్ నడిపే మతీన్ ఆ ఉదయం ఒక్కటే అనుకున్నాడు: ఇంటర్ ఫలితాల రద్దీలో ఈసారి చెమటలు కక్కకూడదు. అందుకని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. అది ఒక్కో విద్యార్థి ఫలితాల పేజీ తెరుస్తుంది, లావు అక్షరాల్లో ఉన్న మాటలన్నీ ఏరుతుంది, వాటిలో మొదటిదాన్ని ఇంటివాళ్ల ఫోనుకు పంపేస్తుంది. నిరుటి పేజీ మీద నడిపి చూస్తే చక్కగా పనిచేసింది.

ఫలితాలు రాగానే మీట నొక్కి, నిశ్చింతగా చాయ్ తాగుతూ కూర్చున్నాడు. కాసేపటికే బజారులో టపాకాయలు మోగాయి. మిఠాయి దుకాణంలో లడ్డూలు నిండుకున్నాయి. ఊళ్లో ఫెయిలైన పిల్లాడంటూ లేడు. తన చేతి చలవేనేమోనని మతీన్ మురిసిపోతుండగా కొండమ్మ వచ్చింది.

"తమ్మీ, మా బిడ్డ లత పాసైందంట. నిజమేనా?"

"మెసేజ్ వచ్చిందంటే నిజమే అక్కా."

"పరీక్షలప్పుడు అది డెంగీతోని దవాఖానాల ఉండె. పరీక్షే రాయలే గదయ్యా!"

మతీన్ చాయ్ గ్లాసు కింద పెట్టి పేజీ తెరిచాడు. ఈ ఏడు ఎవరో పైన కొత్తగా ఒక వాక్యం చేర్చారు: 'పాసైన విద్యార్థులకు అభినందనలు.' అదీ లావు అక్షరాల్లోనే. అసలు ఫలితం రెండోది. మొదటిదాన్నే ఏరుకున్న ప్రోగ్రాం ఊరందరికీ అభినందనలు పంచిపెట్టింది.

దిద్ది, క్షమాపణలతో మళ్లీ పంపాడు. అందరికీ చేరింది గానీ పామాయిల్ రైతు బసవపున్నయ్యకు చేరిందో లేదో తెలియదు. టపాకాయల మోతలో ఆయన ఫోనెత్తడం లేదు. కొడుకు నాగచైతన్య లెక్కల్లో పోయాడు. తప్పుతానన్న భయంతోనే ఫలితాల ముందు రోజు వేంసూరులోని మేనత్త ఇంటికి పారిపోయినవాణ్ని, పాసయ్యావంటూ ఆయనే వెనక్కి పిలిపించాడు.

మతీన్ బండి మీద వెళ్లేసరికి పిల్లాడి మెడలో పూలదండ ఉంది. వాకిలి నిండా జనం.

"బాబాయ్, ఒక చిన్న పొరపాటు..." మతీన్ మొదలుపెట్టాడు.

నాగచైతన్యే తల దించుకుని అన్నాడు. "నాన్నా, లెక్కల పేపరు సగం ఖాళీగనే ఇచ్చిన. నేనెట్ల పాసైత?"

బసవపున్నయ్య లడ్డూల డబ్బా మూత పెట్టాడు. కొడుకు ముఖం చూసి మళ్లీ తీశాడు.

"పోయినోడివి ఇంటికొచ్చినవ్. గందుకు తిను." తర్వాత మతీన్ వైపు తిరిగాడు. "నీకేమైందిరా?"

"రెండోది తియ్యాలంటే ఒకటి అని రాయాలె బాబాయ్. నేను సున్నా రాసిన. ప్రోగ్రాంల లెక్క సున్నా నుంచి మొదలైతది."

"రెండోదానికి ఒకటా? అయితే మావోడు నయం," అన్నాడు బసవపున్నయ్య.

సప్లిమెంటరీ అయ్యేదాకా నాగచైతన్యకు లెక్కలు చెప్పే బాధ్యత, ఊరి పెద్దల తీర్మానం ప్రకారం, మతీన్ మీద పడింది.