చదివి చెడిపోయిన కార్యదర్శి గారు

సాహిత్యానికి అసలు శత్రువు ఎవరో తెలుసా? టీవీ కాదు, సెల్‌ఫోన్ కాదు. పుస్తకం చదివేవాడు!

కంగారు పడకండి, మిమ్మల్ని అనడం లేదు. మీరు చదువుతున్నది కాలమ్. అది చదవడం కిందికి రాదు, కాలక్షేపం కిందికి వస్తుంది. నేను చెప్పేది అట్ట తిప్పి, లోపలికి దిగి, చివరి పేజీ దాకా వెళ్ళే మనుషుల గురించి. వాళ్ళ వల్ల ఒక నిండు జీవితం ఎలా పాడైందో చెబుతాను, వినండి.

మా ఊళ్ళో స్థానిక రచయితల ప్రోత్సాహక సంఘం అని ఒకటుంది. మొన్నమొన్నటి దాకా దానికి ప్రాణం, ఊపిరి, మైకు అన్నీ కార్యదర్శి గారే. రిటైరైన బ్యాంకు మేనేజరు. ఎవరైనా పుస్తకం అచ్చేయించారని చెవిన పడితే చాలు, ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. హాలు మాట్లాడటం, ఫ్లెక్సీ కొట్టించడం, పూలగుచ్ఛం, మెమెంటో, ఫొటోగ్రాఫరు! ఫ్లెక్సీ మీద సంఘం సభ్యుల ఫొటోలు పెద్దగా, రచయిత ఫొటో ఖాళీని బట్టి. వేదిక మీద కుర్చీలెక్కువ, కింద తక్కువ. ప్రోత్సహించేవాళ్ళు నిలబడాలా ఏమిటి?

ఇన్నేళ్ళ సేవలో ఆయన ఒక్క పుస్తకం కూడా తెరిచిన పాపాన పోలేదు. ఎందుకు తెరవాలి? చదివితే ఒకటి నచ్చుతుంది, ఇంకోటి నచ్చదు. పక్షపాతం మొదలవుతుంది. చదవనివాడికి రచయితలందరూ సమానమే. ఇంతకంటే నిష్పాక్షికత ఎక్కడుందో చూపించండి!

అలాంటి మనిషికి కళ్ళద్దాల షాపాయన తగిలాడు.

బస్టాండు పక్క సందులో ఆయన షాపు. ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదుటి గోడకి అక్షరాలు చిక్కిపోతూ దిగే చార్టు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కౌంటరు వెనక కూర్చుని ఏళ్ళ తరబడి ఒక నవల రాశాడు. పేరు ‘చాక్‌పీసు గీత’. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు తోడికోడళ్ళు మాటా మాటా పెరిగి, వంటగది మధ్యలో చాక్‌పీసుతో గీత గీసుకుని బతుకుతారు. అదీ కథ. సభ జరిగే రోజుకి ఈ సంగతి ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. రాసినాయనకి, ఆయన భార్యకి.

అట్ట మీద చాక్‌పీసు బొమ్మ ఉంది. కార్యదర్శి గారు ఆటోలో వస్తూ దాన్ని క్షుణ్ణంగా పరిశీలించారు. అట్టల పరిశీలనలో ఆయనకు సాటి లేరు. మైకు అందుకుని, “బడిపంతుళ్ళ కష్టాల్ని ఇంత లోతుగా తవ్వి తీసిన నవల మరొకటి రాలేదు!” అన్నారు. చప్పట్లు. వెంటనే అధ్యక్షులవారు లేచి, “ముఖ్యంగా ఆ హెడ్మాస్టరు పాత్ర! నాకు కన్నీళ్ళు ఆగలేదు” అన్నారు. ఇంకా చప్పట్లు.

చివరి కుర్చీలో ఉన్న రచయిత నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ముందు వరసలో ఆయన భార్య కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ఆనందం తట్టుకోలేకపోతోందని పక్కావిడ మంచినీళ్ళిచ్చింది.

స్పందించమంటే ఆయన, “ఏం చెప్పాలో తెలియడం లేదండీ” అన్నాడు. ఆ సభలో పలికిన ఒకే ఒక్క నిజం అదే.

మర్నాడు పేపర్లో వార్త: ‘గురువుల గుండెచప్పుడు’. ఆ వారంలోనే ఉపాధ్యాయుల సంఘం పిలిచి ఇంకో మెమెంటో ఇచ్చింది. చూశారా? ఎవరూ చదవకపోవడం వల్ల ఒక మనిషికి ఎంత పేరొచ్చిందో!

ఇంత చక్కగా సాగుతుంటే, ఒకావిడ ఆ పుస్తకం చదివేసింది.

ఆవిడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగి. ఇంటికి పెద్దకోడలు. కొత్త అద్దాలు చేయించుకుని, అవి పనిచేస్తున్నాయో లేదో చూద్దామని కౌంటరు మీదున్న నవల కూడా కొనుక్కుపోయింది. చదివి టీపాయ్ మీద పెట్టింది. ఏడాదిగా ఆవిడతో మాటల్లేని చిన్నకోడలు అది తీసి చదివింది. ఓ సాయంత్రం ఇద్దరూ వెనకా ముందూ షాపులోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే కార్యదర్శి గారు అద్దాల మర బిగించుకుందామని అక్కడ కూర్చుని ఉన్నారు. ఆయన టైము బాగాలేదు.

“ఇది రాసింది మీరేనా?” అంది పెద్దకోడలు.

“నేనేనండీ.”

“గీత గీసింది చిన్నామె. నింద పెద్దామె మీద ఎందుకు వేశారు?”

“ఎందుకు గీసిందో అది కూడా చదవాలిగా అక్కా!” అంది చిన్నకోడలు. “పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే గీయక ఏం చేస్తుంది?”

“నేనెప్పుడు రానివ్వలేదే?”

“నేను పుస్తకం గురించి మాట్లాడుతున్నా.”

“నేనూ పుస్తకం గురించే!”

అన్నాక ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది, మాట్లాడుకుంటున్నామని. చప్పున అటొకరు ఇటొకరు చూశారు. రచయిత చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. కౌంటరు వెనక నుంచి రెండు స్టూళ్ళు తెచ్చి, “కూర్చోండమ్మా” అన్నాడు.

కూర్చుని, పెద్దకోడలు కార్యదర్శి గారి వైపు తిరిగింది. “పెద్దవారు, మీరు చెప్పండి సార్. తప్పెవరిది?”

ఎన్ని వేదికలు ఎక్కిన మనిషి! తొణకలేదు. గొంతు సవరించుకుని, “హెడ్మాస్టరుదే” అన్నారు.

“హెడ్మాస్టరెవరు?” అంది చిన్నకోడలు.

“ఆయన చదవలేదమ్మా” అన్నాడు రచయిత మెల్లగా. ఆ మాటలో కోపం లేదు. “ఎవరూ చదవలేదు.”

“మరి సభలో చెప్పొచ్చుగా?”

“మైకులో నా పేరు వినపడటం అదే మొదటిసారండీ. కాదని ఎలా అనను?”

కార్యదర్శి గారికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అద్దాలు తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటపడ్డారు. ‘ఎవరూ చదవలేదు’ అన్న మాట మాత్రం ఇంటి దాకా ఆయన వెంటే నడిచింది.

ఇంట్లో ఆయనకి సభల్లో వచ్చిన పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి, ఒక్క మడత కూడా పడకుండా. అందులోంచి ‘చాక్‌పీసు గీత’ తీసి సోఫాలో కూర్చున్నారు. భార్య వచ్చి నుదురు తాకి చూసింది. “జ్వరం లేదే! పుస్తకం పట్టుకున్నారేంటి?”

ఆయన పేజీ తిప్పారు. భోజనానికి పిలిస్తే వస్తున్నానన్నారు, రాలేదు. నవల్లో చిన్నామె జ్వరంతో పడిపోయినప్పుడు పెద్దామె ఏమీ మాట్లాడకుండా మంచినీళ్ళ గ్లాసుని నేల మీద జరుపుతుంది చూడండి, అక్కడికొచ్చేసరికి ఆయనకు ముక్కు దిబ్బడేసింది.

“ఏమైందండీ?” అంది భార్య బెదిరిపోయి.

“ఏం లేదే. గ్లాసు గీత దాటింది.”

“ఏ గ్లాసు? ఏ గీత? ఇలా ఇవ్వండి, నేనూ చూస్తాను.”

“నాది చదవడం అవనీ!”

పెళ్ళయినప్పటి నుంచి ఏ వస్తువు కోసమూ పెనుగులాడుకోని దంపతులు, ఆ రోజు పుస్తకం కోసం పెనుగులాడుకున్నారు. చదువు కాపురాల్ని ఎక్కడి దాకా తెస్తుందో చూడండి!

అక్కడితో ఆగితే బాగుండును. మర్నాడు ఆయన తన కాళ్ళతో తనే షాపుకెళ్ళి, “తప్పు వాళ్ళ అత్తగారిది” అని తేల్చారు. ఇద్దరు తోడికోడళ్ళూ ఒక్కటై ఆయన మీద పడ్డారు. చార్టు చదవడానికొచ్చిన గిరాకీ వాళ్ళు వాదన వినడానికి ఆగిపోయారు. స్టూళ్ళు చాలక బెంచీ వచ్చింది. ఫ్లెక్సీ లేదు, ఫొటోగ్రాఫరు లేడు, అధ్యక్షత వహించేవారు లేరు. ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడటమే! ఇదేం సాహిత్య కార్యక్రమం?

దీనివల్ల జరిగిన ఘోరం ఇంకోటుంది. చిన్నకోడలు ఒకసారి, “ఆ తర్వాత పెద్దామె కూతురు ఏమైందండీ?” అని ఊరికే అడిగింది. రచయిత, “నేనూ ఆలోచించలేదే!” అన్నాడు. అంతే, రెండో నవల మొదలుపెట్టేశాడు. మెమెంటోలు ఇచ్చి ఎంతోమందిని ఒక్క పుస్తకంతో సుఖంగా కూర్చోబెట్టిన సంఘానికి ఇది తీరని మచ్చ.

ఇక కార్యదర్శి గారి పతనం. తర్వాతి సభ ఒక కవయిత్రికి. పుస్తకం ముందుగా కావాలని అడిగారాయన.

“ఎందుకండీ? మనమేమైనా పరీక్ష రాయాలా?” అన్నారు అధ్యక్షులవారు.

సభలో మైకు పట్టుకుని, “నది మీద రాసిన కవిత చాలా బాగుంది. చివరిది మాత్రం తేలిపోయింది. ఎందుకో చెబుతాను” అన్నారు. హాలు బిగుసుకుపోయింది. ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు. కవయిత్రి ముఖం కందిపోయింది. అయినా ఆవిడ తన కుర్చీ లాక్కుని ఆయన పక్కకొచ్చి కూర్చుంది. “నాకూ అదే అనుమానమండీ. చెప్పండి.”

అంతే! కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై, సంఘ ఆశయాలకు విరుద్ధంగా చదివినందుకు ఆయన్ని పదవి నుంచి తప్పించింది.

ఆ పదవి ఇప్పుడు ఖాళీగా ఉంది. ఇంత చెప్పాక దాచడమెందుకు, నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను. అధ్యక్షులవారు ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టారు. నా కాలమ్ ఒక్కటి కూడా వదలరట. “ముఖ్యంగా వ్యవసాయం మీద మీరు రాసేవి! చదువుతుంటే మట్టివాసన వస్తుందండీ” అని చెయ్యి పట్టుకుని ఊపేశారు.

వ్యవసాయం మీద నేనింతవరకూ ఒక్క ముక్క రాసి ఎరగను.

పదవి మీకేనన్నారు. ఆలోచించుకుని చెబుతానని లేచాను. ఇంటికి పోకుండా తిన్నగా కళ్ళద్దాల షాపు దారి పట్టాను. బెంచీ మీద కార్యదర్శి గారు జరిగి చోటిచ్చారు.

“పోయిన వారం మీ కాలమ్ ఏం బాగాలేదండీ. ఊరికే సాగదీశారు” అంది పెద్దకోడలు, నేనింకా సరిగ్గా కూర్చోకముందే.

ప్రాణం లేచొచ్చిందనుకోండి!