గరీటా మహాత్మ్యం

మానవజాతి నిప్పును కనిపెట్టింది. చక్రాన్ని కనిపెట్టింది. ఆ తర్వాత చాలాకాలం విశ్రాంతి తీసుకుని, మా ఆఫీసు మీటింగు గదిలో గరీటాను కనిపెట్టింది. మొదటి రెండూ ఎవరి ఘనతో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. మూడోది మాత్రం అచ్చంగా నాదే! ఈ మాట గొంతు చించుకుని చెప్పినా ఇప్పుడెవరూ నమ్మరు గనక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

మాది వెబ్‌సైట్లు కట్టే కంపెనీ. జావాస్క్రిప్టు రాసి పొట్ట పోసుకుంటాం. అదేమిటని బంధువులెవరైనా అడిగితే, "మీరు బటన్ నొక్కగానే ఏదో ఒకటి జరుగుతుంది చూడండి, అదే" అంటాను. మా వదిన విషయంలో ఆ ఏదో ఒకటి రెండుసార్లు జరుగుతోంది. గొడవంతా అక్కడే వచ్చింది.

వదిన మొక్కల దుకాణం నడుపుతుంది. ఆన్‌లైన్లో అమ్ముకో, ఆన్‌లైన్లో అమ్ముకో అని చెవినిల్లు కట్టుకుని పోరి, మా కంపెనీ చేత సైటు కట్టించింది నేనే. సైటు చూడముచ్చటగా ఉంది. కాకపోతే "బుట్టలో వేయి" అన్న బటన్‌ను ఒక్కసారి నొక్కితే రెండు మొక్కలు పడుతున్నాయి. బాల్కనీలో ఒక్క కుండీకే చోటున్న ఓ పెద్దాయనకి రెండు నిమ్మచెట్లు వెళ్లాయి. ఆయన రెండోదాన్ని దుకాణం దాకా మోసుకొచ్చి, వదిన చేతిలో పెట్టి, ఆయాసం తీరేదాకా తిట్టి మరీ వెళ్లాడు.

"ఏమయ్యా మరిదీ," అంది వదిన ఫోన్లో. "వానాకాలం అమ్మకాలు సోమవారం మొదలు. ఏడాదంతా నేను బతికేది ఆ అమ్మకాల మీదే. తిరిగొచ్చే మొక్కలేమో సగం దారిలోనే వాడి చస్తున్నాయి. ఇలాగే సాగితే దుకాణం ఎత్తేయాల్సిందే. నిన్ను నమ్మి దిగాను సుమా!"

ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి అలా మాట్లాడేసరికి అప్పటికప్పుడు కంప్యూటరు ముందు కూచున్నాను.

కోడు తెరిచి చూశాను. కాఫీ చల్లారేలోపే దొంగ దొరికాడు. బటన్ నొక్కగానే మొక్కను బుట్టలో వేయమని చెప్పే లైను ఒకటుండాలి. రెండున్నాయి! ఒకటి ఆర్కిటెక్టు గారి ఫైల్లో, ఇంకోటి సెమికోలనక్క ఫైల్లో. ఏ సైటు ఎలా కట్టాలో తేల్చే ఆర్కిటెక్టు గారు మా టీముకు పెద్దదిక్కు. సెమికోలనక్క ఆయన తర్వాత అంతటిది. ప్రతి లైను చివరా సెమికోలన్ పెట్టకపోతే ఆవిడకి అన్నం సహించదు. ఆయనకి పెడితే సహించదు. అందువల్ల ఒకరి ఫైలు ఒకరు చదవరు, చదివినా నమ్మరు. ఎందుకైనా మంచిదని ఆ లైనును ఎవరి మటుకు వాళ్లు రాసి పెట్టుకున్నారు.

ఒకటి తీసేస్తే సరిపోతుంది. కానీ ఎవరిది? ఆయన లైను తీస్తే నేను ఆవిడ మనిషినని ముద్ర పడుతుంది. ఆవిడది తీస్తే నా కోడు ఇక జన్మలో ఆవిడ రివ్యూ దాటదు. సమస్యను మీటింగులో పెట్టడమే క్షేమం అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

"ఇది బటన్ సమస్య కాదు," అన్నాడు ఆర్కిటెక్టు. "పునాది సమస్య. సైటంతా రియాక్ట్‌లో తిరగరాయాలి."

"తిరగరాయాల్సిందే. కానీ వ్యూలో," అంది సెమికోలనక్క.

ఈ రియాక్టూ వ్యూలేమిటో తెలియనివారికి రెండు ముక్కలు. రెండూ ఫ్రేమ్‌వర్కులే. ఫ్రేమ్‌వర్క్ అంటే మన పని సులువు కావాలని ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన కోడు. దాన్ని నేర్చుకునేలోపు పని మామూలుగానే పూర్తయిపోతుంది. కానీ అలా మామూలుగా పూర్తిచేసిన వాడికి మా వృత్తిలో ఎవరూ పిల్లనివ్వరు.

"వ్యూ పసిపిల్లలకి!"

"రియాక్ట్ ముసలాళ్లకి!"

మేనేజరు మాత్రం ఇద్దరి మాటకీ సమానంగా తలూపుతున్నాడు. నా కళ్ల ముందు నిమ్మచెట్లు వాడిపోతున్నాయి. ఒళ్లు మండింది. బల్ల మీద నిన్నటి ఆఫీసు విందులో ఎవరో మర్చిపోయిన గరిటె కనబడింది.

"అవన్నీ ఎందుకండీ? గరీటా ఉందిగా!" అన్నాను.

గరిటెను కాస్త సాగదీసి, వేళాకోళానికే అన్నాను. నవ్వుతారనుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆర్కిటెక్టు గారు నెమ్మదిగా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనూ అదే అనబోతున్నాను."

"గరీటాను నేను పాత కంపెనీలో వాడాను," అంది సెమికోలనక్క. "కాస్త బరువు."

"మొదట్లో బరువే. తర్వాత తేలిక చేశారు."

"డాక్యుమెంటేషన్ మాత్రం దారుణం."

"అది నిజం. ఎక్కడా ఏమీ దొరకదు," అన్నాడు ఆర్కిటెక్టు.

ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు! మేనేజరు ఆనందం పట్టలేక, సోమవారానికల్లా సైటు గరీటాలోకి మారాలని అక్కడికక్కడే తీర్మానించాడు. నేను ఆ గరిటెను మెల్లగా కాగితాల కిందికి తోశాను.

ఇక రోజూ ఉదయం నిలబడి ఎవరి పని వాళ్లు చెప్పుకునే తంతు చూడాలి!

"నా వైపు గరీటా ఇన్‌స్టాల్ అయింది. ఏవో వార్నింగులొస్తున్నాయి," అనేవాడు ఆర్కిటెక్టు.

"నాకూ అవే వచ్చాయి. పట్టించుకోకండి," అనేది అక్క.

వెతికాను, దొరకలేదు అన్న మనిషి ఒక్కడు లేడు. పైగా నేను గరీటా పేరును సరిగ్గా పలకడం లేదని అక్క రెండుసార్లు దిద్దింది.

ఆ వేడిలో నాకొక దారి దొరికింది. ముందు ఆర్కిటెక్టు గారి దగ్గరికి వెళ్లి, "మీ లైను గరీటాకి అడ్డమొస్తోందండీ" అన్నాను. "అడ్డమొస్తే తీసేయవయ్యా, గరీటా ముందు నేనెంత!" అన్నాడు. అక్కకీ అదే చెప్పాను. ఆవిడా సెమికోలన్‌తో సహా తీసేయమంది. రెండూ తీసేసి, గరీటా అన్న పేరుతో కొత్త ఫైలు పెట్టి, అందులో అదే లైను ఒక్కటి రాశాను. అంతే. సైట్లో మిగతాదంతా పాతదే.

సోమవారం పొద్దున్నే వదిన ఆఫీసుకి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. వదిన బిక్కుబిక్కుమంటూ బటన్ నొక్కింది. ఒక్క మొక్క! మళ్లీ నొక్కింది. ఇంకొక్కటి! ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తను రాయని సైటును రెండోవాళ్లు రాశారని ఎవరికి వారే అనుకున్నట్టున్నారు.

"గరీటా వేగం చూశారామ్మా!" అన్నాడు ఆర్కిటెక్టు.

సొంత మనిషి దగ్గర దాపరికమేమిటని నాకనిపించింది. వదినను నడవాలోకి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "గరీటా లేదు, పాడూ లేదు వదినా. రెండు లైన్లున్న చోట ఒకటి పెట్టాను."

వదిన కడుపుబ్బ నవ్వింది. "నాకప్పుడే అనుమానం వచ్చింది. ఇంత చదువుకున్నవాళ్లు, తెలియదని చెప్పడానికి నోరు రాదేమయ్యా? మేం మట్టి పిసుక్కుని బతికేవాళ్లం. మాకీ డాబులు చేతకావమ్మా!"

ఎంత చక్కటి మాట! చేతులెత్తి దండం పెట్టబోతుంటే ఆవిడ ఫోను మోగింది. పక్కవీధిలో మొక్కల దుకాణం పెట్టినావిడట. వదిన గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"ఆఁ, సైటు బాగు చేయించామండీ. గరీటాలో! గరీటా అండీ, ఇప్పుడందరూ అదేగా. మీది ఇంకా పాతదేనా? అయ్యో పాపం!" అని నాకు కన్ను కొట్టింది. అవతల ఆవిడ ఏదో చెప్పింది. వదిన మొహం మాడిపోయింది. ఫోను పెట్టేసింది.

"ఏమైంది వదినా?"

"ఏమవుతుంది, నా తలకాయ! ఆవిడ నిరుడే గరీటా పెట్టించుకుందట. ఇప్పుడు రెండో వెర్షన్ నడుస్తోందట!"

"అయ్యో, ఇప్పుడేగా చెప్పాను, అసలా గరీటానే..."

"నువ్విక మాట్లాడకు! సొంత వదిననని కూడా చూడకుండా పాతది అంటగడతావా?"

విసవిసా మీటింగు గదిలోకి నడిచింది. వెనకాలే పరిగెత్తాను.

"ఆర్కిటెక్టు గారూ, నాకు గరీటా రెండో వెర్షన్ కావాలండీ."

ఆర్కిటెక్టు గారు చిరునవ్వు నవ్వాడు. "మేమూ దాని మీదే ఉన్నామమ్మా. కాకపోతే బటన్లతో సహా అన్నీ మొదట్నుంచీ రాయాలి."

"రాయండి," అంది వదిన.

అందరూ నా వైపు తిరిగారు. వదిన అందరికంటే ముందు తిరిగింది.

"రాద్దామండీ," అన్నాను. "నేను చూశాను. మొదటిదానికంటే చాలా తేలిక."