కుర్చీలో పది నిమిషాలు

అంట్లు తోముతుండగానే కోడలు ఆ రోజు చేయవలసిన నేరాన్ని ఖాయం చేసుకుంది. నేరం, న్యాయం, సామాజిక నియంత్రణ అనే పేపరులో ఆమెకు ఒక్క అసైన్‌మెంటే మిగిలింది. ఎవరికీ నష్టం లేకుండా కట్టుబాటు ఒకటి తప్పి, చుట్టుపక్కలవాళ్ళు ఎలా దారిలో పెడతారో చూసి రాయాలి. పరీక్ష కోసమని చెప్పకూడదు. మధ్యాహ్నం పన్నెండులోగా పంపకపోతే ఏడాది చదువూ నీళ్ళపాలే.

అపార్ట్‌మెంటు కింద, మీటర్ల పక్కన సెక్రటరీ గారి నీలం కుర్చీ ఉంటుంది. లిఫ్టు చెడిపోయిన రోజున కూడా దాని పక్కన నిలబడి ఆయాసపడతారే గానీ ఎవరూ కూర్చోరు. పది నిమిషాలు కూర్చుని, నాలుగు చీవాట్లు తిని, పైకొచ్చి కుక్కరు పెట్టుకుంటే సరి.

తొమ్మిదింటికి కూర్చుంది. వాచ్‌మన్ చీపురు ఆపాడు.

"అమ్మా, అది సెక్రటరీ గారిదండీ."

"తెలుసు. అయినా కూర్చున్నా" అంది ఆశగా.

"కాళ్ళు కాస్త పైకి పెట్టుకోండి, ఊడుస్తా."

ఊరికే ఎవరూ కూర్చోరు, సెక్రటరీ మారి ఉంటారనుకుని అతను మూడో అంతస్తు టైలరుకు కబురు చేరవేశాడు. టైలరు మెడలో టేపుతోనే దిగాడు.

"మంచిపని చేశారమ్మా. పైనున్న నర్సమ్మ తడిబట్టల నీళ్ళన్నీ నా గిరాకీల బట్టల మీదే. ఏదో ఒకటి తేల్చండి."

"నేను సెక్రటరీని కాదండీ. ఊరికే కూర్చున్నా. తప్పని తిట్టండి."

"ఎంత వినయమండీ" అని టైలరు నర్సును కూడా పిలిచాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే కోడలు చెవులు మూసుకుని, "నర్సమ్మగారూ, మీరు గట్టిగా పిండండి. టైలరుగారూ, మీరు ఆ బట్టలు ఒక జానెడు లోపలికి జరపండి" అంది. ఇద్దరూ ఒప్పేసుకున్నారు. అదే కొంప ముంచింది. పదిన్నరకు తగువులు తెచ్చినవాళ్ళ వరస మెట్లెక్కింది.

ఇంతలో అత్తగారు దిగింది. కోడలిని తిట్టకుండా ఆవిడకు పూట గడవదు.

"అత్తయ్యా, మీరైనా ఒక మాటనండి."

ఆవిడ వరసను చివరిదాకా చూసింది. "తోసుకోకండి. మా కోడలు ఎక్కడికీ పోదు."

పదకొండున్నరకు సెక్రటరీ వచ్చాడు. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

"మీ కుర్చీలో కూర్చున్నానండీ. తప్పే. గట్టిగా నాలుగు అనండి."

ఆయన కళ్ళు చెమర్చాయి. "రెండేళ్ళకోసారి ఎన్నిక పెడితే ఒక్కరూ ముందుకు రారు. ఎవరైనా కూర్చుంటారేమోనని ఆరేళ్ళుగా దాన్ని అక్కడే ఉంచానమ్మా" అని మోటారు గది, మేడ తాళాలు ఆమె ఒళ్ళో పెట్టి, రెండేసి మెట్లు ఎక్కుతూ మాయమయ్యాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు, ఆ కుర్చీలోనే కూర్చుని, ఫోనులో సమాజం విధించిన శిక్ష అన్న గడిలో ఆమె "రెండేళ్ళు" అని రాసి పంపింది.