గట్టి క్లచ్ వర్ధిల్లాలి!

లారీ క్లచ్‌ని మెత్తబరచాలని చూసేవాళ్లందరూ మానవజాతికి శత్రువులు! ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. కాలు మీద కాలేసుకుని, తీరిగ్గా కూర్చుని, బాగా ఆలోచించి రాస్తున్నాను.

ఈమధ్య ఎక్కడ విన్నా ఇదే గోల. ఇంజనీర్లట, డాక్టర్లట, పెద్ద పెద్ద హాళ్లలో ఏసీ వేసుకుని సమావేశాలట. బరువులు మోసే లారీల్లో క్లచ్ తొక్కడానికి డ్రైవరు పడే శ్రమని ఎలా తగ్గించాలా అని చర్చలట! స్ప్రింగులు మార్చాలట, గాలి ఒత్తిడితో సాయం అందించాలట, కీళ్లకి గ్రీజు పెట్టాలట. డ్రైవరు కీళ్లకి కాదండీ, పెడల్ కీళ్లకి.

శ్రమ తగ్గించడమనే జబ్బు ఒకసారి అంటుకుంటే అది ఎక్కడ ఆగుతుంది చెప్పండి? ఇవాళ క్లచ్ మెత్తగా ఉండాలంటారు. రేపు సీటు మెత్తగా ఉండాలంటారు. ఎల్లుండి ఏకంగా నిద్ర కావాలంటారు! అప్పుడు సరుకులు ఎవరు మోస్తారు? నేనా?

క్లచ్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం కాస్త వివరిస్తాను. లారీలో ఎడమ కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. గేరు మార్చాలన్నప్పుడల్లా దాన్ని కిందిదాకా తొక్కాలి, మార్చాక మెల్లగా వదలాలి. రోడ్డు ఖాళీగా ఉంటే ఫర్వాలేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం, సగం వదిలి అక్కడే పట్టుకుని ఉండటం. నా కారు ఆటోమేటిక్. దానికి ఈ పెడలే లేదు. అందుకే క్లచ్ గొప్పతనం గురించి నేను ఏ పక్షపాతమూ లేకుండా మాట్లాడగలుగుతున్నాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో లారీ నడుపుతాడు. ఆయన నడిపే లారీ క్లచ్ లాంటి క్లచ్ లోకంలో ఇంకోటి ఉంటుందని నేననుకోను. దాన్ని తొక్కాలంటే వీపు సీటుకి ఆనించి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, పళ్లు బిగించి, ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. రోజూ అన్నిసార్లు దేవుణ్ని తలుచుకునే భాగ్యం మనలో ఎంతమందికి ఉంది?

పైగా వ్యాయామం! మా వీధి చివరి జిమ్ములో జనం వరసలో నిలబడి మరీ కాళ్లతో బరువులు తోసే మిషను ఎక్కుతున్నారు. ఫీజు కట్టి, చెమట్లు కక్కి, అద్దంలో చూసుకుని మురిసిపోతున్నారు. మా బావకి ఆ మిషను కంపెనీయే ఇచ్చింది, పైగా జీతంతో! కాకపోతే వ్యాయామమంతా ఎడమ కాలికే. దాంతో ఆయన ఎడమ పిక్క ఒక మనిషిది, కుడి పిక్క ఇంకో మనిషిది అన్నట్టు తయారయ్యాయి. ప్యాంటు కుట్టే దర్జీ కొలతలు తీసుకుని, అనుమానం వచ్చి, మళ్లీ తీసుకుని, చివరికి "రెండూ మీవేనా అండీ?" అని అడిగాడు.

గట్టి క్లచ్ వల్ల కుటుంబ బంధాలు కూడా బలపడతాయి. మా బావ ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటాడు. తెరమీద ఏ బండైనా మలుపు తిరిగిందా, ఈయన ఎడమ కాలు దానంతట అదే నేలని తొక్కుతుంది. భోజనాల బల్ల దగ్గర కూడా అంతే. పిల్లలు గబగబా తింటుంటే ఆయన కాలు టాప్ గేరుకి సిద్ధమవుతుంది.

"ఇక్కడ క్లచ్ లేదండీ, కాస్త నెమ్మదిగా భోంచెయ్యండి," అంటుంది మా అక్క.

అన్నాక లేచి వెళ్లి వేడినీళ్ల సంచి తెచ్చి ఆయన మోకాలి మీద పెడుతుంది. ఆ క్లచ్ మెత్తగా ఉండి ఉంటే ఈ అన్యోన్యత ఎక్కడిది?

ఇంత లాభం పొందుతూ కూడా మా బావకి తృప్తి లేదు. ఒకరోజు నేరుగా ఓనరు గారి గదికే వెళ్లాడు. నేనూ పక్కనే ఉన్నాను. మనుషులు తమ మేలు తాము తెలుసుకోలేకపోవడం కళ్లారా చూడాలని వెళ్లాను.

"సార్, మన బండి క్లచ్ గట్టిగా ఉంది సార్," అన్నాడు బావ.

ఓనరు గారి మొహం వెలిగిపోయింది. "గట్టిగా ఉందా! ఉండదూ మరి? కొన్నదెవరనుకున్నావు?"

"అది కాదు సార్. మరీ గట్టిగా ఉంది."

"సంతోషమయ్యా. అలాగే జాగ్రత్తగా చూసుకో."

తప్పు ఎవరిది? నూటికి నూరుపాళ్లూ బావదే! మన భాషలో గట్టి అనేది తిట్టా? గట్టి తలుపు, గట్టి చెప్పులు, గట్టి సంబంధం, గట్టి మనిషి అంటే మెచ్చుకోలు కాదా? యజమాని దగ్గరికెళ్లి ఆయన వస్తువు గట్టిదని చెప్పి, ఆయన బాధపడలేదని బాధపడితే ఎలా? పోనీ మాట మార్చి చూద్దామని బావ ఇంకోసారి వెళ్లి "బిగుసుకుపోయింది సార్" అన్నాడు. "వాడగా వాడగా వదులవుతుందిలే" అని ధైర్యం చెప్పారు ఓనరు గారు. ఆ లారీ పుట్టినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీలకి వెళ్తున్నారు. అయినా ఆయన మాట తప్పలేదు, వదులైంది. క్లచ్ కాదు, మోకాలి చిప్ప.

ఇక లాభం లేదని మెకానిక్ చేత చెప్పించాడు బావ. మెకానిక్ లారీ కిందికి దూరి, నూనె మరకలతో బయటికొచ్చి, మేనేజరు గారితో రెండు ముక్కల్లో తేల్చేశాడు. "బూస్టర్ పోయింది సార్. గాలి సాయం అందట్లేదు, బరువంతా మనిషి కాలి మీదే పడుతోంది. కొత్త బూస్టర్ వేయిస్తే వేళ్లతో నొక్కినట్టుంటది."

మేనేజరు గారు ఫోన్లో మాట్లాడుతూ విన్నారు. విన్నది బూస్టర్ అన్న ఒక్క మాటే. మర్నాడు డ్రైవర్లందరినీ పిలిచి, తలా ఒక టానిక్ పొడి డబ్బా చేతిలో పెట్టారు. పొద్దునా సాయంత్రం పాలల్లో కలుపుకుని తాగాలట, చాక్లెట్ రుచి. బలం కావాల్సింది బండికా మనిషికా అనే చర్చ అక్కడితో ముగిసిపోయింది. ఫొటో కూడా తీశారు. అందులో బావ డబ్బా పట్టుకుని కుడికాలి మీద నిలబడి ఉన్నాడు.

డాక్టర్లకి మాత్రం ఇలాంటి మంచి పనులు కంటికి ఆనవు. మా అక్క బలవంతం మీద బావ ఆసుపత్రికి వెళ్తే, అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి నిట్టూర్చింది. "ఈ మోకాలితో ఆ క్లచ్ ఇంకొంతకాలం తొక్కారంటే తర్వాత నడవడమే కష్టమవుతుంది. క్లచ్ అయినా మార్పించండి, పనైనా మార్చుకోండి," అంది.

ఎంత సులువుగా చెప్పేసిందో చూడండి! బావకి స్టీరింగ్ తప్ప ఇంకో పని తెలియదు. పిల్లల చదువులు, ఇంటి అద్దె, అన్నీ ఆ ఎడమ కాలి మీదే నిలబడి ఉన్నాయి. అందుకే ఆయన కాళ్లరిగేలా ఓనరు గారి చుట్టూ తిరిగాడు. అరగడానికి అప్పటికి ఒక కాలే మిగిలింది, అది వేరే సంగతి.

చివరికి ఓనరు గారికి పౌరుషం వచ్చింది. "ఏమయ్యా, మీరంతా ఇంత సుకుమారంగా తయారయ్యారేమిటి? తప్పుకో!" అని యార్డులో అందరూ చూస్తుండగా తనే లారీ ఎక్కారు. నాకు ఆనందంతో ఒళ్లు పులకరించింది. ఎంతమంది యజమానులు ఇలా ముందుకొస్తారు?

ఇంజను స్టార్ట్ చేశారు. క్లచ్ మీద కాలు పెట్టారు. తొక్కారు. పెడల్ కదల్లేదు, ఓనరు గారే సీటులోంచి పైకి లేచారు. ఇంకోసారి ఊపిరి బిగబట్టి తొక్కారు. మొహం ఎర్రబడింది, మెడ మీద నరాలు తేలాయి, చివరికి పెడల్ దిగింది. గేరు కరకరలాడుతూ పడింది. సరిగ్గా అప్పుడే కాలు జారింది. లారీ ఒక్క ఎగురు ఎగిరి ముందుకు దూకి, కంపెనీ గేటుని నిలువునా పడగొట్టి ఆగిపోయింది.

ఓనరు గారు మెల్లగా దిగారు. ఎడమ తొడ పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి, పడిపోయిన గేటువైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన కళ్లలో కొత్త వెలుగు కనిపించింది. ఇంతకాలానికి ఆయనకి అర్థమైందని బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త భయం వేసింది. నా సిద్ధాంతం ఏమైపోతుందో అని!

భయం అనవసరం. ఓనరు గారికి అర్థమైంది గేటు కష్టం.

"ఎంత బరువు గేటయ్యా ఇది! పాపం, వాచ్‌మన్ రోజూ ఎలా తోస్తున్నాడో!" అన్నారు. వారం తిరక్కుండా కొత్త గేటు వచ్చింది. మోటారు గేటు! వేలితో బటన్ నొక్కితే చాలు, జారుకుంటూ పక్కకి వెళ్తుంది. రిబ్బన్ కటింగ్‌లో ఓనరు గారు శ్రమ తగ్గించడం గురించి చక్కగా మాట్లాడారు. మనిషి బలం మీద ఆధారపడే రోజులు పోయాయన్నారు. బటన్ కాస్త బిగువుగా ఉందని, దాన్ని ఇంకొంచెం మెత్తబరచమని కాంట్రాక్టరుకి చెప్పారు. బావ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

అయితే ఆ ఉపన్యాసం ఊరికే పోలేదు. దాని వేడిలో ఓనరు గారు ఒక కొత్త లారీ కూడా తెప్పించారు. నిగనిగలాడే లారీ, పూర్తిగా ఆటోమేటిక్. క్లచ్ పెడలే లేదు! ఎడమ కాలికి పని లేదు, హాయిగా చాపుకుని కూర్చోవచ్చు. ఇంత అనుభవమున్న డ్రైవరు కంపెనీలో ఇంకొకడు లేడు కాబట్టి అది బావకే వస్తుందని మెకానిక్ అన్నాడు, వాచ్‌మన్ అన్నాడు. మా అక్క మాత్రం బావ చొక్కా ఇస్త్రీ చేస్తూ చాలాసేపు దాన్నే రుద్దుతూ నిలబడింది.

లారీ తాళాలిచ్చే రోజు మేనేజరు గారు డ్రైవర్లందర్నీ యార్డులో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నారు. ఓనరు గారు కుర్చీలో కూర్చుని చూశారు. బావ వంతు వచ్చింది. నొప్పి కనిపించకుండా నడవాలని పాపం చాలా ప్రయత్నించాడు.

"ఆగవయ్యా," అన్నారు ఓనరు గారు. "ఎడమ కాలు ఈడుస్తున్నావు కదా. కొత్త బండి, ఇలాంటి కాలున్నవాడికి ఎలా ఇస్తాను?"

"సార్, ఆ బండికి ఎడమ కాలితో పనే లేదు కదా సార్."

"పని లేకపోతే మాత్రం? డ్రైవరన్నాక రెండు కాళ్లూ సవ్యంగా ఉండాలి, అది రూలు. నువ్వు నీ పాత బండే నడుపుకో. దానికి నువ్వు బాగా అలవాటు పడ్డావు."

గట్టి క్లచ్‌ని ఇంతగా వెనకేసుకొచ్చిన నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. తాళాలు వేరే ఆయన చేతికి వెళ్లాయి.

బావ పాత లారీ దగ్గరికి నడిచాడు. తలుపు కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఎక్కాడు. ఎడమ కాలు తనంతట తను పైకి రాలేదు. రెండు చేతులతో తొడ కింద పట్టుకుని దాన్ని ఎత్తి, లోపలికి తెచ్చి, క్లచ్ మీద పెట్టుకున్నాడు.

"బావా, ఈ కాలితో ఎలా నడుపుతావు?" అని అడిగాను.

"అదేంటి బామ్మర్దీ, విన్లేదా?" అన్నాడు తలుపు వేసుకుంటూ. "ఈ కాలు బాలేదని చెప్పింది ఆ బండికి. ఈ బండికైతే బాగానే ఉందట."