ఒక్క సాయంత్రపు స్వీడన్

గల్ఫ్‌లోని మన అబ్బాసియా తెలుగు సౌరభ సంఘం గత నెల ఒక గురువారం సాయంత్రం స్వీడన్ సంస్కృతిని స్వీకరించి, శుక్రవారం ఉదయానికల్లా రద్దు చేసిన సంగతి సభ్యులందరికీ తెలిసిందే. తెలియనివారి సౌకర్యార్థం, కార్యదర్శి హోదాలో, జరిగింది జరిగినట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మన అధ్యక్షులు దొరబాబు గారు ఇక్కడి షర్క్ పేటలో ఒక పెద్ద ఆఫీసుకు మేనేజరు. కాపురం రిగ్గై పేటలో. వారింట్లో వంటా, గిన్నెలూ, బట్టలూ చూసే మనిషి ఏసమ్మ. రాజోలు దగ్గర పల్లె. ఆమె కూతురు సిల్వియా ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగి, చదివి, పూర్తి స్కాలర్‌షిప్పు మీద స్వీడన్‌లోని ఉప్సాలాకు పై చదువుకు వెళ్లింది. ఆ పిల్ల కిరసనాయిలు దీపం దగ్గర చదివినన్నాళ్లూ అలాంటి పిల్ల ఉందని సంఘానికి తెలియదు. సీటొచ్చిన మర్నాడే ఆమె 'మన సంఘం ఆడపడుచు' అయింది. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. మొక్కకు నీళ్లు పోసేవాళ్లు కొందరు, పువ్వు పక్కన ఫొటో దిగేవాళ్లు కొందరు. సంఘం తనకు చేతనైన పని చేసింది.

ఆమెకు సన్మానం చేయాలని తీర్మానించాం. విజిట్ వీసా అధ్యక్షుల వారే తెప్పించారు. ఏసమ్మ ఈ దేశంలో ఉండటానికి కావాల్సిన అనుమతి, ఇఖామా కూడా ఏటా వారి మాట మీదే పొడిగిస్తారు. ఆమె వీసాకు పూచీపడ్డ కఫీల్ వారి స్నేహితుడు. వారు ఫోన్ చేస్తే సంతకం పెడతాడు, చేయకపోతే పెట్టడు. ఈసారి గడువు నెలాఖరు. తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని నాలుగేళ్లయిందట. ఆ విషయం ఆహ్వాన పత్రికలో వేయడానికి చోటు చాల్లేదు.

ఆ సాయంత్రం హాలంతా నీలం, పసుపు గుడ్డలు కట్టాం. స్వీడన్‌లో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారట గనక అందరం విడిచాం. అధ్యక్షుల వారి బూట్లు పోతాయేమోనని ఉపాధ్యక్షులు సుందరరావు గారు వాటిని ఒళ్లో పెట్టుకు కూర్చున్నారు. అక్కడ క్యూ అంటే ప్రాణమట గనక బిర్యానీకి క్యూ పెట్టాం. కార్యవర్గానికి క్యూ లేకుండా వేరే బల్ల వేశాం. అక్కడ సమయపాలన కూడా ఎక్కువేనట. అందుకని ఏడింటి సభను సరిగ్గా ఎనిమిదిన్నరకు ప్రారంభించాం.

అధ్యక్షుల వారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! స్వీడన్‌లో రాజు లేడు, బంటు లేడు! పెద్దా చిన్నా లేదు! ఈ సాయంత్రం ఈ హాలే స్వీడన్! ఇక్కడ నేను అధ్యక్షుణ్ణి కాను, మీలో ఒకణ్ణి!" చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. చాలని వారు సైగ చేశాకే ఆపాం. స్వీడన్‌కు రాజున్నాడని సిల్వియా తర్వాత చెప్పింది గానీ, మినిట్స్‌లో లేనట్టే రాశాం.

తర్వాత సిల్వియా మాట్లాడింది. "మొదటిరోజు ప్రొఫెసర్ లోపలికి రాగానే లేచి నిలబడ్డానండి. ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా అని ఆయన కంగారు పడిపోయారు. ఆయన పేరు లార్స్. అరవై దాటాయి. సర్ అనొద్దు, పేరు పెట్టి పిలువన్నారు. నాకు నోరు రాలేదు. ఆరు వారాలు ఏమీ పిలవకుండా ఎదురుగా వెళ్లి దగ్గేదాన్ని. పాపం, జలుబనుకుని అల్లం టీ తాగమనేవారు. ఒకరోజు 'లార్స్' అనేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇప్పుడు అలవాటైపోయిందండి." ఇలా చెప్పి, అధ్యక్షుల వైపు తిరిగి, నవ్వుతూ అంది: "థాంక్యూ, దొరబాబు."

సుందరరావు గారి ఒళ్లోంచి ఒక బూటు జారిపడింది. వెనక వరసలో ఏసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్వీడన్ అక్కడితో సమాప్తం.

తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో నూట నలభై సందేశాలు. తెలుగు సంస్కృతికి ఇంతటి దెబ్బ మునుపెన్నడూ తగల్లేదని అందరూ ఇంగ్లీషులో వాపోయారు. నాతో సహా ముగ్గురితో విచారణ సంఘం ఏర్పడింది. ఈలోగా అధ్యక్షుల వారికి బీపీ పెరిగి, కఫీల్‌కు ఫోన్ చేయలేని స్థితిలో ఉన్నారని తెలిసింది. ఎప్పటికి తగ్గుతుందని అడిగితే, ఆ పిల్ల క్షమాపణ చెప్పిన వెంటనే తగ్గే రకం బీపీ అని సుందరరావు గారు వివరించారు.

విచారణ రిగ్గైలో, అధ్యక్షుల వారింట్లోనే జరిగింది. ఏసమ్మ అందరికీ టీలిచ్చి, ట్రే పట్టుకుని గోడవారన నిలబడింది. "సెప్పేసెయ్యవే తల్లీ," అంది కూతురితో. "నా ఇఖామాకి ఎనిమిది రోజులే ఉంది. నేనెల్లిపోతే అమ్మమ్మ మందులెవలు కొంటారే?"

"సరేనమ్మా," అని సిల్వియా అధ్యక్షుల వైపు తిరిగింది. "క్షమించండి దొరబాబు గారూ. ఆ సాయంత్రం స్వీడనే అన్నారు గదా అని నమ్మేశాను." ఇందులో మొదటి వాక్యాన్ని మాత్రమే నమోదు చేశాం.

ఆపైన హామీపత్రం మీద సంతకం. సుందరరావు గారు గంభీరంగా చదివారు: "చిన్నవారు పెద్దవారిని పేరు పెట్టి పిలవడం మన సంస్కృతి కాదు. మన సంఘ సభ్యుల ఏ ఇంట్లోనూ అటువంటి అలవాటు లేదు."

"ఏ ఇంట్లోనూ లేదాండీ?" అంది సిల్వియా, కలం పట్టుకుని.

"ఏ ఇంట్లోనూ!"

లోపలి గదిలోంచి అధ్యక్షుల వారి అమ్మాయి షైని, ఏడో క్లాసు, కేకేసింది. "ఏసమ్మా! నా సాక్స్ ఎక్కడ పడేశావ్?"

"వత్తన్నా పాపగారూ," అంటూ ఏసమ్మ లోపలికి పరుగెత్తింది.

మాలో ఒక్కరమూ ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడాల్సిన సంగతని తోచనైనా తోచలేదు. సిల్వియా కలం కింద పెట్టేసింది. "మా అమ్మకి యాభై ఎనిమిదేళ్లండి," అంది మెల్లగా. "నేను ఆరు వారాలు దగ్గాను. ఈ పాప ఒక్కరోజైనా దగ్గిందాండీ?"

"అది వేరు," అన్నారు సుందరరావు గారు.

ఎలా వేరో తేల్చడానికి యాభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఏసమ్మ మరో రెండుసార్లు టీ పెట్టింది. చివరికి 'పెద్దవారిని' అన్నచోట 'గౌరవనీయులైన పెద్దవారిని' అని సవరించి, ఏకగ్రీవంగా ఊపిరి పీల్చుకున్నాం. సిల్వియా తల్లి వంక చూసింది. ఏసమ్మ కళ్లు కూతురి మీద లేవు, కలం మీద ఉన్నాయి. పిల్ల సంతకం పెట్టింది. బీపీ దిగింది, ఫోన్ వెళ్లింది, ఇఖామా మరో ఏడాదికి పొడిగింది. పని ఖలాస్.

హాజరైనవారి జాబితా రాయడం నా బాధ్యత. మొదటినుంచీ చివరిదాకా ఆ ఇంట్లో ఏసమ్మ కూడా ఉంది గనక న్యాయంగా ఆమె పేరూ చేర్చాలి. దొరబాబు గారు, సుందరరావు గారు అని వరసగా రాసుకొస్తూ అదే ఊపులో 'ఏసమ్మ గారు' అని రాసేశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. కొట్టేశాను. ఇప్పుడు మీకూ పెదవి కదిలింది గనక, ఈ మినిట్స్‌ను మీరు కూడా ఆమోదించినట్టే రాసుకుంటున్నాను.