ఆఖరి సీటు

రాష్ట్ర చరిత్రలోనే మొట్టమొదటిసారిగా ప్రభుత్వ డాక్టర్లకు అమెరికా గడ్డ మీద అడ్వాన్స్‌డ్ ఇమ్యునాలజీలో శిక్షణ ఇప్పించబోతున్నట్టు ఆరోగ్యశాఖ మంత్రి గౌరీశంకర్ గారు ప్రకటించారు. ఇమ్యునాలజీ అంటే ఏమిటని ఒక విలేకరి అడిగితే, "అది అడ్వాన్స్‌డ్. మీకు అర్థం కాదు" అని కూడా ప్రకటించారు.

ఏర్పాట్ల భారం నార్త్ కరోలినాలో, క్యారీ ఊళ్ళో ఉండే శ్రీధర్ భుజాల మీద పడింది. పడింది అనడం కన్నా, అతనే భుజాలు పెట్టాడనడం న్యాయం. పగలు ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, సాయంత్రాలు ట్రయాంగిల్ తెలుగు సమాఖ్య కన్వీనర్‌గా ప్రజాసేవ. రాష్ట్ర ప్రభుత్వానికి ఉత్తర అమెరికా ప్రత్యేక ప్రతినిధి పదవి ఒకటి ఖాళీగా ఉంది. దానికి విజిటింగ్ కార్డు డిజైన్ చేయించి సిద్ధంగా ఉంచాడు. ఇక పదవి రావడమే ఆలస్యం.

పాఠాలు చెప్పేది అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసర్ హైమ. సీట్లు పది. అందులో తొమ్మిది రాజధానిలోనే నిండిపోయి వచ్చాయి. ఆరోగ్యశాఖ డైరెక్టర్ గారు, డైరెక్టర్ గారి భార్య (ఆవిడ పళ్ళ డాక్టరు), పార్టీ వైద్య విభాగం అధ్యక్షులు, ఈ ముగ్గుర్నీ చూసుకోవడానికి మిగతా ఆరుగురు. మిగిలిన ఒక్క సీటూ శ్రీధర్ చేతిలో పెట్టారు.

"ఆ ఒక్కటైనా ఉజ్వలకివ్వండి శ్రీధర్ గారూ," అంది హైమ. "జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టర్. ఎన్నాళ్ళకీ జ్వరం తగ్గని పిల్లలు ఆవిడ వార్డులో ఉన్నారు. పుట్టుకతోనే ఇమ్యూన్ సిస్టమ్ పాడైన కేసులని కనిపెట్టింది ఆవిడొక్కతే. ట్రీట్‌మెంట్ ఇక్కడ నేర్చుకుని వెళ్తే వాళ్ళని బతికించుకుంటుంది."

"బావుంది మేడమ్. ఇంటిపేరేంటి?"

"అప్లికేషన్‌లో డిగ్రీలున్నాయి, చూశారా?"

"డిగ్రీలు ఎవరైనా తెచ్చుకుంటారండీ. ఇంటిపేరు పుట్టుకతో రావాలి."

ఈ విద్యలో శ్రీధర్ నిపుణుడు. ఇంటిపేరు, సొంతూరు, మేనమామ ఊరు, ఈ మూడూ దొరికితే చాలు, మనిషి మనవాడో కాదో తేల్చేస్తాడు. ఏ ల్యాబూ అక్కర్లేదు. ఖర్మకాలి ఉజ్వల ఇంటిపేరు మూడు రకాల వాళ్ళలోనూ ఉంది. ఊరు చూస్తే రైల్వే జంక్షన్, అక్కడ అందరూ ఉంటారు.

"శరీరం కూడా మీలాగే చేస్తుంది," అంది హైమ. "వచ్చింది మనదా, పరాయిదా అని చూస్తుంది. కాకపోతే అది రోగం వస్తే చూస్తుంది. డాక్టరొస్తే కాదు."

శ్రీధర్ దాన్ని ప్రశంసగా తీసుకున్నాడు. సందేహం మాత్రం తీరలేదు కనుక, ఆఖరి సీటు ఎవరికివ్వమంటారని మంత్రి గారికే వాట్సాప్‌లో విన్నవించుకున్నాడు. మంత్రి గారు తెలుగు భాషాభిమాని. అందుచేత తెలుగులోనే జవాబిచ్చారు. అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి: "Aa seat manavadi kosam. Marchipoku."

శ్రీధర్‌కి కళ్ళు చెమర్చాయి. 'మనవాడి కోసం!' ఎంత సూటి మనిషి! మిగతా నాయకులు ఇలాంటి మాట చెవిలో చెబుతారే గాని, రాసి ఇస్తారా?

మనవాడు అనడానికి అణుమాత్రం సందేహం లేనివాడు డాక్టర్ రాజగోపాల్. బోర్లు వేసే కాంట్రాక్టరు. సమాజసేవకు మెచ్చి ఏదో ద్వీపంలోని విశ్వవిద్యాలయం ఆయనకి డాక్టరేట్ ఇచ్చింది.

"ఆయన డాక్టర్ కాదు కదా!" అంది హైమ.

"అలా అనకండి మేడమ్. ఆయన కారు మీద కూడా ఉంది."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఫైర్ అలారం మోగుతుందని బ్యాటరీ దీపం వెలిగించారు. ఇందుకోసమే అమెరికా వచ్చిన మంత్రి గారికి శాలువా కప్పారు. ఆయన క్లుప్తంగా ముప్పావుగంట మాట్లాడారు. తర్వాత హైమ పరిచయ పాఠం మొదలుపెట్టింది.

"గుండె పైన థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. మనల్ని కాపాడే టి-కణాలకి అదే బడి. సొంత ఒంటినే కరిచేవాటిని అక్కడే ఏరిపారేస్తుంది. నూటికి తొంభైకి పైగా ఆ బడి దాటి బయటికి రావు."

మంత్రి గారు ఉలిక్కిపడ్డారు. "తొంభై మంది ఫెయిలా? రీకౌంటింగ్ లేదా?"

"లేదండీ."

"మరి ప్రతిపక్షం ఊరుకుంటోందా?"

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలోనే మంత్రి గారు శ్రీధర్‌నీ, హైమనీ పక్కగదిలోకి పిలిచారు.

"మా డాక్టరమ్మ కనబడదేమయ్యా?"

"ఏ డాక్టరమ్మ సార్?"

"ఉజ్వలమ్మ. మెసేజ్ పెట్టానుగా, ఆ సీటు మనవడి కోసమని!"

"అందుకే సార్, మనవాడికే ఇచ్చాను. రాజగోపాల్ గారు."

మంత్రి గారు కుర్చీలో కూలబడ్డారు.

"మనవాడు కాదురా నాయనా! మనవడు! మా అమ్మాయి కొడుకు. ఆర్నెల్ల నుంచీ జ్వరం వాడికి. పెద్ద పెద్ద ఆసుపత్రులన్నీ తిప్పాం. జబ్బేంటో చెప్పింది ఆవిడొక్కతే. ఆవిడ వైద్యం నేర్చుకొస్తుందనే కదా ఇదంతా పెట్టించింది!"

ఆయన గొంతు నిజంగానే వణికింది. ఉపన్యాసంలో వణికే తీరు వేరు. శ్రీధర్‌కి కాళ్ళ కింద నేల, చేతికందబోయే పదవి ఒక్కసారే జారిపోయాయి.

"ఇప్పటికీ మించిపోలేదు," అంది హైమ. "అసలు క్లాసులు సోమవారం నుంచి కదా. రాజగోపాల్ గారిని వెనక్కి పంపి, ఆవిణ్ణి పిలిపించండి."

మంత్రి గారు తలుపు సందులోంచి హాల్లోకి చూశారు. రాజగోపాల్ తెల్లకోటు తొడుక్కుని, స్టెతస్కోపు మెడలో వేసుకుని ఫొటోలు దిగుతున్నాడు.

"ఈయన్ని కదిలిస్తే మూడు మండలాల ఓట్లు పోతాయమ్మా," అన్నారు మంత్రి గారు దిగులుగా. ఉన్నట్టుండి మొహం విప్పారింది. "పోనీ, పిల్లాణ్ణే ఇక్కడికి తెప్పిస్తే? మీరు చూడరూ?"

"చూస్తాను," అంది హైమ. "ఎవరి పిల్లాడైనా చూస్తాను."

"ఇంకేం, సమస్య తీరిపోయింది!"

"టికెట్లు, ఎయిర్‌పోర్ట్ పికప్, ఇల్లు అన్నీ నేను చూసుకుంటాను సార్," అన్నాడు శ్రీధర్. మంత్రి గారు అతని భుజం తట్టారు. పదవి మళ్ళీ దగ్గరకొచ్చింది.

"మరి ఉజ్వల వార్డులో మిగతా పిల్లలు?" అంది హైమ.

తలుపు దాకా వెళ్ళిన మంత్రి గారు ఆగి, వెనక్కి తిరిగారు. నిజంగానే తెలియక అడిగారు.

"వాళ్ళు ఎవరి మనవళ్ళమ్మా?"