ముక్కు మీద ఫిరంగి

యుద్ధమొచ్చింది, శత్రు విమానాలు ఏ క్షణానైనా మీద పడవచ్చు, కాబట్టి తీర రక్షక దళం ఓడలన్నిటికీ విమానాలను కూల్చే ఫిరంగులు బిగించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆ పని కానిచ్చి, భోంచేసి ఓ కునుకు తీద్దామని వాటిలో ఓ చిన్న ఓడ కెప్టెన్ పొద్దున్నే లేచాడు. సాయంత్రం పెద్దాఫీసరు చూడటానికి వస్తాడు. ఓడ సరిగ్గా నడవకపోతే దాన్ని ఇంకొకరికిచ్చి, కెప్టెన్‌ను ఒడ్డున గోడౌనుకు కాపలా పెడతాడట.

క్రేను ఫిరంగిని ముందుభాగాన దించింది. ఓడ వినయంగా ముక్కు నీళ్లలోకి వంచింది.

"దానికేముంది బావా, వెనకాల ఇసుక బస్తాలేస్తే సరి," అన్నాడు ఇంజనీరు. ముక్కు మీద కోపం గల కెప్టెన్ కూడా సరేనన్నాడు. ఇంజనీరు సొంత బావమరిది, ఇంటికెళ్తే వాళ్లక్క ఉంది.

బస్తాలు వేశారు. ఓడ తిన్నగానే నిలబడింది గాని నీళ్లు డెక్కు అంచుదాకా వచ్చాయి. బరువు తగ్గించాలని మంచాలు దించారు, పొయ్యి దించారు, చివరికి లైఫ్‌బోట్లు కూడా దించేశారు. వంటవాడు ఒడ్డున పొయ్యి పక్కనే అలిగి కూర్చున్నాడు. అంతలో లారీ నిండా గుండ్ల పెట్టెలు వచ్చాయి. బావమరిది మళ్లీ ఆలోచించి, అడుగున కాస్త ఉంచి డీజిలంతా తోడించేశాడు.

సాయంత్రం ఆఫీసరు ఎక్కాడు. ఓడ హుందాగా కదిలింది. కెప్టెన్ మనసు కుదుటపడేసరికి రేవు దాటారు, ఇంజను దగ్గి ఆగిపోయింది.

"డీజిలేదీ?" అన్నాడు ఆఫీసరు.

"ఒడ్డున భద్రంగా ఉంది సార్," అన్నాడు ఇంజనీరు.

అలలు ఓడను రాళ్ల వైపు నెట్టసాగాయి. దిగిపోదామంటే లైఫ్‌బోట్లూ ఒడ్డునే భద్రంగా ఉన్నాయి. ఫిరంగి మాత్రం ఆకాశం వైపు మూతి పెట్టి, విమానాల కోసం నిశ్చింతగా ఎదురుచూస్తోంది. అదృష్టం బాగుండి, చేపలు పట్టి ఇంటికి పోతున్న జాలరి ఒకడు జాలిపడ్డాడు. తన మరపడవకు తాడు కట్టి వాళ్లను రేవు వైపు లాగసాగాడు.

దారిలో ఆఫీసరు తన నిర్ణయం చెప్పాడు. "ఈ ఓడ మీ దగ్గరే ఉంటుంది కెప్టెన్. ఊరికే ఇచ్చినా ఇంకెవరూ తీసుకోరు."

కెప్టెన్‌కు నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆఫీసరు మాత్రం అప్పటికే మరపడవను మెచ్చుకోలుగా చూస్తున్నాడు.

"ఏమోయ్, నీ పడవ భలే గట్టిదిలా ఉందే. దీనికీ ఓ ఫిరంగి బిగిస్తే ఎలా ఉంటుంది?"

జాలరి వెనక్కి తిరిగి ఫిరంగిని చూశాడు, బస్తాలను చూశాడు, తాడు విప్పేశాడు.